ఎక్కడ దిగారు?

(చెన్నైలో తెలుగువాళ్ళ నెలవారీ సమావేశంలో ఒక రిటైర్డ్ సివిల్ ఇంజినీరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువైతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

పోయిన నెల మన కార్యదర్శి ఫోన్ చేసి, "కన్నెమరా మీద ఓ గంట మాట్లాడండి బాబాయ్" అన్నాడు. వెంటనే ఒప్పుకున్నాను. నాకు కన్నెమరా అంటే ఎగ్మూరు మ్యూజియం పక్కనున్న లైబ్రరీ. 1896లో తెరిచారు. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ఒక కాపీ అక్కడికి చేరాలి, మన తెలుగు పుస్తకాలతో సహా. చదువుకునే రోజుల్లో అక్కడ పుస్తకాల కోసం ఎంతసేపు కూర్చున్నానో, చల్లదనం కోసం అంతకంటే ఎక్కువసేపు కూర్చున్నాను. ఆ సంగతులన్నీ రాసుకున్నాను కూడా. వారం తర్వాత వాట్సాప్‌లో ఆహ్వానం వచ్చింది. చూస్తే 'కన్నెమరా హోటలు: చరిత్ర, కట్టడం' అని ఉంది. (నవ్వులు) అసలు చిక్కేమిటంటే, రెండూ ఒకే గవర్నరు పేరు మీద ఉన్నాయి. బిన్నీ రోడ్డులో హోటలు, పాంథియన్ రోడ్డులో లైబ్రరీ. ఆటో ఎక్కి కన్నెమరా అంటే, మన చొక్కా చూసి ఎటు తిప్పాలో ఆటో అతనే తేల్చుకుంటాడు. నన్ను ఇప్పటిదాకా ఒక్కడూ హోటలుకి తీసుకెళ్ళలేదు.

నేను చరిత్రకారుణ్ణి కాను. సైట్ల మీద ముప్ఫై ఎనిమిదేళ్ళు గడిపినవాణ్ణి. కాబట్టి సంవత్సరాలు తక్కువ చెప్తాను, సున్నం ఎక్కువ చెప్తాను.

మన భాషలో ఒక తమాషా ఉంది. ఊర్నుంచి ఎవరైనా వస్తే "ఎక్కడ దిగారు?" అంటాం. ఏ స్టేషన్లో రైలు దిగారని అడిగినట్టూ అవుతుంది, ఎవరింట్లో బస అని అడిగినట్టూ అవుతుంది. దిగడం, ఉండడం రెండింటికీ మాట ఒకటే. పాత హోటలు కట్టడాన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న దొరకలేదు. ఇందులో దిగినవాడు దేన్లోంచి దిగాడు? అది తెలిస్తే గది పొడుగు, తలుపు వెడల్పు, మెట్ల ఎత్తు అన్నీ వాటంతట అవే తెలుస్తాయి.

ఇంకో సంగతి కూడా ముందే అనుకోవాలి. హోటలు అంటే మనకి ఇడ్లీ తినే చోటు. పడుకునేది లాడ్జి. అంతకుముందు పూటకూళ్ళ ఇల్లు తినడానికి, సత్రం పడుకోవడానికి. రెండూ ఒకే కప్పు కింద డబ్బుకి దొరకడం అన్నది దొరలతో వచ్చిన ఏర్పాటు.

1854కి వెళ్దాం. ఇప్పటి కన్నెమరా ఉన్న చోట ఇంపీరియల్ అనే హోటలు మొదలైంది. పెట్టింది దొర కాదు, రత్నవేలు మొదలియారు అనే స్థానికుడు. అప్పటికి దక్షిణాదిలో రైలే లేదు. రాయపురం స్టేషన్ నుంచి మొదటి బండి కదిలింది 1856లో. మరి హోటల్లో దిగేది ఎవరు? ఓడ దిగినవాళ్ళు. ఆ ఓడ కూడా ఒడ్డుకి రాదు. మద్రాసుకి అప్పుడు రేవు లేదు. ఓడ దూరంగా సముద్రంలో లంగరు వేస్తే, మసూలా పడవలు వెళ్ళి మనుషుల్ని తెచ్చేవి. ఆ పడవకి మేకులుండవు. చెక్కల్ని కొబ్బరి తాడుతో కలిపి కుట్టేవాళ్ళు. అల కొడితే విరగదు, వంగుతుంది. ఇంజినీరుగా నాకు దాని మీద చాలా గౌరవం. ఆ తర్వాత 1870ల్లో రేవు కట్టడం మొదలుపెడితే 1881 తుపాను వచ్చి దాన్ని చావుదెబ్బ కొట్టింది. కుట్టిన పడవలు మాత్రం ఆ తర్వాత కూడా తిరుగుతూనే ఉన్నాయి.

అలా నెలల తరబడి ఓడలో ఊగి, చివరి అర మైలులో బట్టలన్నీ తడుపుకుని, పెట్టెలతో, నౌకర్లతో వచ్చినవాడికి కావాల్సింది ఒక్క రాత్రి బస కాదు. నెలో రెణ్నెల్లో ఉంటాడు. అందుకే ఆనాటి మద్రాసు హోటళ్ళు హోటళ్ళలా ఉండవు, తోట బంగళాల్లా ఉంటాయి. నాలుగు వైపులా చెట్లు, ముందు గుర్రబ్బండి తిరిగేంత జాగా, చుట్టూ వరండా, వెనక నౌకర్ల కొట్టాలు.

ఇక నా సున్నం దగ్గరికి వస్తాను. కాస్త ఓపిక పట్టండి, ఇదే నాకు బాగా తెలిసింది.

ఆ కాలంలో మద్రాసులో కట్టిన పెద్ద బంగళాలకి సాధారణంగా పైన ఉండేది మద్రాసు టెర్రస్. మన పల్లెల్లో మిద్దె అంటాం చూడండి, దానికి పట్నం అన్నగారు. గోడ నుంచి గోడకి టేకు దూలాలు. బర్మా టేకు. వాటి మీద సన్నటి చిన్న ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, ఐమూలగా, సున్నంతో వరసలు పేరుస్తారు. కింద ఆధారం ఏమీ ఉండదు. ఒక ఇటుక పక్క ఇటుకని పట్టుకుని ఆగుతుంది. సెంట్రింగు లేకుండా స్లాబు వేసినట్టు. నేను మొదటిసారి చూసినప్పుడు అది ఎలా ఆగిందో నాకు సాయంత్రం దాకా అర్థం కాలేదు. దాని మీద ఇటుక ముక్కలూ సున్నం కలిపిన కాంక్రీటు. దాన్ని ఆడవాళ్ళు వరసగా కూర్చుని కొయ్య చెక్కలతో రోజుల తరబడి కొట్టేవాళ్ళు. చెక్క కొడితే ఎగిరిపడాలి, అప్పుడు గట్టిపడినట్టు లెక్క. మధ్యమధ్యలో కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్ళు చల్లేవాళ్ళు. ఆపైన పలచటి పెంకులు. మొత్తం మందం జానెడు దాటుతుంది. మే నెల ఎండ పైన పడితే, ఆ వేడి కిందికి దిగేసరికి రాత్రవుతుంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. టేకు దూలం ఎంత పొడుగు దొరికితే గది అంతే వెడల్పు. అందుకే పాత గదులు పొడుగ్గా సాగుతాయి కానీ వెడల్పుగా పరుచుకోవు. వెడల్పు కావాలంటే మధ్యలో స్తంభాల వరస పెట్టాలి. ఆ స్తంభాలు చూసి మనం 'ఆహా, ఏం దర్జా' అనుకుంటాం. దర్జా కొంత ఉంది, దూలం చాలకపోవడం కూడా కొంత ఉంది.

ఇక గోడల మెరుపు. మద్రాసు చునం అని విదేశాల్లో కూడా పేరు మోసింది. ఆల్చిప్పలు కాల్చి తీసిన సున్నం, గానుగలో నూరి, పూత మీద పూత వేసి, పై పూతలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి, నున్నటి రాయితో రుద్దుతారు. పాలరాయికీ దీనికీ తేడా తెలియదు. ఇల్లు ఇటుకది, మెరుపు పాలరాయిది. మన మేస్త్రీల చేతి మహిమ అది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1989లో ట్రిప్లికేన్‌లో ఒక పాత లాడ్జి రిపేరు నాకు అప్పగించారు. పేరొద్దు, ఓనరు మంచివాడు, నన్ను నమ్మాడు. గోడలు అక్కడక్కడా పొడి రాలుతున్నాయి. పండక్కి ముందే తెరవాలని ఆయన తొందర, త్వరగా బిల్లు పాస్ కావాలని నా తొందర. పాత సున్నం కొట్టేసి సిమెంటు ప్లాస్టరింగు చేయించాను. పెద్దమేస్త్రి ఒకాయన, ప్రకాశం జిల్లా మనిషి, "వద్దు సార్, గోడకి గాలాడదు" అన్నాడు. నా దగ్గర డిగ్రీ ఉంది కదా, వినలేదు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి గోడ నిండా బొబ్బలు. పెచ్చులు పెచ్చులుగా ఊడింది, లోపల ఇటుక మునుపటికంటే పాడైపోయింది. కారణం చాలా మామూలు. పాత ఇటుక గోడ నేలలోంచి తడి పీలుస్తుంది. సున్నం పూత ఆ తడిని బయటికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. తడితో పాటు వచ్చిన ఉప్పు ప్లాస్టరు వెనక పేరుకుని, గడ్డకట్టి, లోపల్నుంచి తోసేస్తుంది. మళ్ళీ అంతా చెక్కించి, ఒక ఎండాకాలం ఆరనిచ్చి, సున్నమే వేయించాం. ఆ ఖర్చులో సగం నేను పెట్టుకున్నాను. మేస్త్రికి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన "టీ చెప్పండి సార్" అన్నాడు, అంతే.

ఆ చెక్కడంలోనే ఒకటి బయటపడింది. సీలింగుకి కాస్త కింద, గోడలో అరచేయంత రంధ్రం. లోపల అరిగిపోయిన చిన్న కొయ్య కప్పీ. పంకా తాడు కోసం! లోపల దొర పడుకుంటే, గోడ అవతల వరండాలో ఒకడు కూర్చుని రాత్రంతా తాడు లాగేవాడు. ఆ రంధ్రం అంచు తాడు రాపిడికి గాజులా నున్నగా ఉంది. ఎన్ని రాత్రుల రాపిడో. నేను దాన్ని పూడ్చనివ్వలేదు. తర్వాత ఓనరు దాంట్లోంచి కేబుల్ టీవీ వైరు లాగించుకున్నాడు. (నవ్వులు)

సరే, రైలు వచ్చింది. 1873లో సెంట్రల్ స్టేషన్ వచ్చింది. ఇప్పుడు దిగేవాళ్ళు మారిపోయారు. దొరల సంగతి అలా ఉంచి మన సంగతి చూద్దాం. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలయ్యేదాకా, నెల్లూరు నుంచి ఉత్తరాంధ్ర దాకా అప్పీలు కేసున్న ప్రతివాడూ ఈ ఊరు రావాల్సిందే. మా తాతగారికి కావలి దగ్గర రెండెకరాల గట్టు తగాదా. ఆ గట్టు కోసం ఆయన మద్రాసు వచ్చిన ఖర్చుతో ఇంకో ఎకరం వచ్చేదని మా నాయనమ్మ లెక్క. ఆయన సంచీలో బియ్యం, కందిపప్పు, చింతపండు, ఊరగాయ జాడీ. దిగేది జార్జిటౌన్‌లో ఏదో ఒక సత్రంలో. హోటలు అనే మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

ఇంగ్లీషువాళ్ళు సత్రాన్ని చౌల్ట్రీ అన్నారు. అది మన 'చావడి' లోంచి పుట్టిన మాటే అంటారు. చావడి అంటే నలుగురూ కూర్చునే కప్పు. మన కన్యకాపరమేశ్వరీ దేవస్థానం వారి కొత్వాల్ చావడి పేరులోనూ అదే ఉంది. 1996లో కూరగాయల మార్కెట్టు కోయంబేడుకి వెళ్ళిపోయినా పేరు మిగిలింది. సత్రం కట్టే తీరు బంగళాకి పూర్తిగా తలకిందులు. బంగళాకి వరండా బయట, సత్రానికి వరండా లోపల. వీధి వైపు అరుగు, లోపలికెళ్తే ఆకాశం కనిపించే మండువా, మధ్యలో బావి, చుట్టూ వసారా. గది అనేది ముఖ్యం కాదు. నేల ముఖ్యం, నీళ్ళు ముఖ్యం, పొయ్యి ముఖ్యం. ఒక కటువు సంగతి కూడా చెప్పాలి. చాలా సత్రాల్లో కులానికో పొయ్యి, కొందరికి అసలు గుమ్మమే లేదు. ప్లాను గీస్తే ఆ గోడలూ కనిపిస్తాయి. ధర్మం అని శిలాఫలకం మీద చెక్కి ఉంటుంది, ఎవరికి ధర్మమో గోడలు చెప్తాయి.

సెంట్రల్ ఎదురుగా సవలై రామస్వామి మొదలియారు కట్టించిన సత్రం ఉంది. ఎర్ర ఇటుక, తోరణాలు. రోజూ బస్సులోంచి చూస్తాం, తల తిప్పి చూడం. అది రైలు సత్రం. రోడ్డు దాటితే స్టేషన్. సత్రం నడకదారి మీద ఉండాలన్న పాత లెక్క పోయి, పట్టాలు ఎక్కడుంటే అక్కడ ఉండాలన్న కొత్త లెక్క వచ్చింది.

మళ్ళీ బిన్నీ రోడ్డుకి వద్దాం. ఇంపీరియల్ కాస్తా ఆల్బనీ అయింది, ఆ తర్వాత కన్నెమరా అయింది. 1886లో వచ్చిన గవర్నరు రాబర్ట్ బర్క్, కన్నెమరా ప్రభువు. ఆయన భార్య లేడీ సుసాన్. ఈవిడ ఎవరో తెలుసా? డల్హౌసీ కూతురు. ఈ దేశంలో రైలు పట్టాలకి పథకం వేసిన గవర్నర్ జనరల్ కూతురు. గవర్నరుగారి ప్రవర్తన నచ్చక ఆవిడ రాజభవనం వదిలి ఈ హోటల్లోకి వచ్చి ఉందనీ, ఆ కబురు ఊరంతా పాకి హోటలుకి ఆ పేరు స్థిరపడిందనీ ఒక కథ. 1890లో వాళ్ళకి విడాకులైన మాట నిజం. మిగతాది మద్రాసు కబుర్లు. నాకైతే ఆ కథ నిజమైతే బాగుండు అనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు ఆ పేరు ఆయనది కాదు, ఆవిడది అవుతుంది.

1890ల మొదట్లో స్పెన్సర్ కంపెనీ యజమాని యూజీన్ ఓక్‌షాట్ చేతికి హోటలు వచ్చింది. పక్కనే మౌంట్ రోడ్డు మీద స్పెన్సర్ దుకాణం. సరుకూ వాళ్ళదే, భోజనమూ వాళ్ళదే, మంచమూ వాళ్ళదే. ఆ ఎర్ర భవనం 1983లో కాలిపోయింది, ఇప్పుడున్నది స్పెన్సర్ ప్లాజా.

ఆ రోజుల్లో కన్నెమరాకి పోటీ డి ఏంజెలిస్ హోటలు. అదీ మౌంట్ రోడ్డు మీదే. దాని యజమాని జాకొమో డి ఏంజెలిస్ వంటలతో ఊరుకోలేదు. సొంతంగా విమానం తయారు చేయించుకుని 1910లో పల్లావరంలో ఎగిరాడు. హోటలువాడు విమానం ఎగరేయడం ఏమిటని మీరు నవ్వొచ్చు. నాకు మాత్రం అతనికి నా ప్రశ్న ముందే తెలిసినట్టుంది అనిపిస్తుంది. రేపు జనం దేన్లోంచి దిగుతారో ఇప్పుడే చూసుకుందామని.

ఇక్కడ మనవాడి పేరు ఒకటి చెప్పకపోతే మీరు నన్ను కిందికి దింపేస్తారు. తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. ఈ ఊరి మద్రాసు హైకోర్టు భవనం, నేను పొరపాటుపడ్డ ఆ కన్నెమరా లైబ్రరీ, రెండూ కట్టిన కాంట్రాక్టరు. గీసింది హెన్రీ ఇర్విన్ అని అందరూ రాస్తారు, నిలబెట్టిందెవరో రాయరు. నేను కాంట్రాక్టర్లతో నలభై ఏళ్ళు పోట్లాడినవాణ్ణి, అయినా చెప్తున్నాను, ఇది అన్యాయం. మద్రాసులో తొలి రోజుల్లోనే కారు కొన్న భారతీయుల్లో ఆయనొకడు. గణితవేత్త రామానుజన్ చివరి రోజులు గడిపింది చేట్‌పట్‌లో ఆయన ఇంట్లోనే.

కారు మాట వచ్చింది కదా. 1937లో కన్నెమరా కొత్త మొహంతో తెరుచుకుంది. ఇప్పుడు మనకి కనిపించే తెల్లటి ముందుభాగం ఆ కాలపుదే. ఆర్ట్ డెకో అంటారు. బొమ్మలు, తీగలు, శిఖరాలు ఏవీ ఉండవు. నిలువు గీతలు, అడ్డ పట్టీలు, నున్నటి మూలలు. పారీస్ కార్నర్లో డేర్ హౌస్, మౌంట్ రోడ్డులో క్యాసినో థియేటరు ఈ కోవవే. దీని వెనక ఉన్న అసలు మార్పు ఉక్కు కడ్డీ వేసిన కాంక్రీటు. టేకు దూలం పొడుగు ఇక అడ్డం కాదు. హాలు మధ్యలో స్తంభం లేకుండా వెడల్పుగా సాగుతుంది, సజ్జా గోడలోంచి గాల్లోకి చొచ్చుకొస్తుంది, ఎండనీ వాననీ ఆపుతుంది. ముఖ్యంగా పోర్టికో. గుర్రబ్బండికి ఎత్తు కావాలి, కారుకి వెడల్పు కావాలి. ఈ రకం పోర్టికోని చూడండి, పల్చగా, బల్లపరుపుగా, కారు వచ్చి ఆగి, తలుపు తీసి, తడవకుండా దిగి, కారు ముందుకు సాగిపోవడానికి కొలిచి వేసినట్టుంటుంది. అది కొలిచి వేసినదే.

మరుసటి ఏడాది, 1938లో, ఉడిపి నుంచి వచ్చిన కృష్ణారావుగారు రాయపేటలో రామనాథపురం జమీందారుగారి పాత బంగళా లీజుకి తీసుకుని వుడ్‌ల్యాండ్స్ పెట్టారు. దొరలకి కొత్త కాంక్రీటు, మనకి పాత బంగళా. అయితేనేం, సత్రానికీ హోటలుకీ మధ్య ఉన్న గోడ అక్కడ కూలింది. శాకాహారి కుటుంబం పెట్టె పట్టుకుని వచ్చి, గది తీసుకుని, పొయ్యి వెలిగించుకోకుండా భోజనం చేసింది. మా తాతగారి ఊరగాయ జాడీకి అక్కడితో పని తప్పింది. కృష్ణారావుగారే 1962లో క్యాథెడ్రల్ రోడ్డులో డ్రైవ్-ఇన్ తెరిచారు. అక్కడ నా ప్రశ్నే చెల్లదు. కారు దిగనే అక్కర్లేదు, కిటికీకి ట్రే తగిలించేవాళ్ళు! మన సినిమావాళ్ళ కథాచర్చలు ఎన్ని నడిచాయో ఆ చెట్ల కింద. 2008లో మూసేశారు. ఇప్పుడది సెమ్మొళి పూంగా అనే పార్కు.

1970ల నాటికి కన్నెమరాలో దిగేవాళ్ళు మీనంబాకంలో విమానం దిగినవాళ్ళు. రెండు రాత్రులుండి పోతారు. ఏసీ కావాలి. ఏసీ వస్తే ఎత్తు సీలింగు దండగ, వరండా దండగ, కిటికీ తెరవడానికి లేదు. పాత కట్టడాలన్నిటికీ ఇదే గండం. ఓడ కాలపు గదిని విమానం కాలపు మనిషికి సర్దాలి. ఇక్కడ ఆ సర్దుబాటులో శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావా చెయ్యి పడడం అదృష్టం. లోపలికీ బయటికీ మధ్య గీత చెరిపేయడం, నీళ్ళూ చెట్లూ ఇంట్లో భాగం చేయడం ఆయనకి అలవాటు. అలాంటి మనిషికి మన మండువా లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. తర్వాత తాజ్ వాళ్ళు వచ్చారు, ఇంకో పెద్ద రిపేరు జరిగింది, అవన్నీ మీరు చూసినవే.

ఈ ఉపన్యాసం ఒప్పుకున్నాక పోయిన వారం నేను అక్కడికి వెళ్ళాను. కాఫీ తాగొచ్చిన బిల్లు మా ఆవిడకి చూపించలేదు. మెట్రోలో వెళ్ళి ఎల్ఐసీ స్టేషన్లో దిగి నడిచాను. లాబీలో ఎవరూ చూడకుండా గోడని వేలి కణుపుతో తట్టి చూశాను, పాత ఇటుకా, కొత్త స్లాబా అని. పాత గోడ మొద్దుగా పలుకుతుంది, కొత్తది ఖంగుమంటుంది. రెండు చోట్ల మొద్దుగా పలికింది. అంతకంటే ఎక్కువ తడితే బాగుండదని ఆపాను.

వెళ్ళేటప్పుడు ఆ పోర్టికో కిందికి కాలినడకన వచ్చింది నేనొక్కణ్ణే. తలపాగా ఆయన చక్కగా నమస్కారం పెట్టి తలుపు తీశాడు. తీస్తూ, నా భుజం మీదుగా వెనక్కి చూశాడు, కారు ఏదీ అని.